నవ్వించే నవల అర్థం కానప్పుడు: విద్యార్థి తన స్పందన రాయడానికి సమగ్ర మార్గదర్శి

హాస్య నవల అని చెప్పి చదవమన్నారు. చదివారు. రెండు మూడు చోట్ల నవ్వొచ్చింది. మిగతా చోట్ల ఇందులో నవ్వడానికి ఏముందో అంతుపట్టలేదు. ఆఖరి పేజీ అయ్యాక ‘ఇంతేనా?’ అనిపించింది. ఇప్పుడు దాని మీద మీ స్పందన రాసి ఇవ్వాలి.

ఇలాంటప్పుడు ఎక్కువమంది తమ అయోమయాన్ని దాచేస్తారు. అట్ట వెనక ఉన్న మాటల్నే కాస్త మార్చి ‘రచయిత సమాజంలోని లోపాలను హాస్యంగా ఎత్తిచూపారు’ అని మొదలుపెడతారు. ఆ వాక్యం ఏ హాస్య నవలకైనా సరిపోతుంది కాబట్టి ఏ నవల గురించీ ఏమీ చెప్పదు. మీ దగ్గరున్న అసలు సరుకు ఆ అయోమయమే. నవల మిమ్మల్ని తికమక పెట్టిన చోటు సరిగ్గా ఎక్కడో పట్టుకుని, అక్కడ ఏం జరిగిందో ఓపిగ్గా విప్పి చెబితే అదే మంచి వ్యాసమవుతుంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క పని ఎలా చేయాలన్నదే.

విద్యార్థుల తడబాటును సాహిత్య విమర్శ ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. ఇంగ్లీషు విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవుల పేర్లు చెప్పకుండా కవితలు ఇచ్చి, వాటి మీద విద్యార్థులు రాసిన స్పందనలను సేకరించారు. వాళ్లు ఎక్కడ, ఎందుకు తడబడ్డారో పరిశీలించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ పుస్తకంగా వేశారు. అమెరికన్ విమర్శకుడు స్టాన్లీ ఫిష్ 1980లో తెచ్చిన పుస్తకానికైతే ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నే పేరయింది: ‘ఈ క్లాసులో టెక్స్ట్ ఉందా?’ పాఠ్యపుస్తకం గురించి అడుగుతోందనుకుని ఫిష్ సహోద్యోగి అయిన అధ్యాపకుడు దాని పేరు చెప్పారు. ఆమె అడిగింది అది కాదు. రచనలో అర్థమంటూ ఒకటి ఉందని ఈ క్లాసులో నమ్ముతామా, లేక ఉన్నదంతా పాఠకులమైన మనమేనా అని.

1. నవ్వు వచ్చినచోటా రానిచోటా గుర్తు పెట్టండి

పెన్సిల్ పట్టుకుని చదవండి. మూడు రకాల గుర్తులు చాలు. నవ్వొచ్చిన చోట ఒకటి. ఇక్కడ నవ్వించాలని చూస్తున్నారని తెలుస్తోంది గాని నవ్వు రాలేదు అనిపించిన చోట ఇంకొకటి. నవ్వాక ‘ఎందుకు నవ్వానా’ అని ఇబ్బందిగా అనిపించిన చోట మూడోది. ఈ మూడో గుర్తే అన్నిటికన్నా విలువైనది. అది పుస్తకం మొత్తంలో నాలుగైదు చోట్లే పడినా మీ వ్యాసం అక్కడి నుంచే పుడుతుంది.

చదవడం పూర్తిచేసిన తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి గుర్తులు పెట్టొద్దు. కథ తెలిశాక మొదటిసారి కలిగిన తికమక చెరిగిపోతుంది. రెండోసారి చదివేటప్పుడు మనం తెలివైనవాళ్లమైపోతాం, మొదటిసారి పాఠకుడు మనలోంచి వెళ్లిపోతాడు. స్పందన రాయడానికి మీకు ఆ మొదటి పాఠకుడే కావాలి.

నవల చదవకముందు సారాంశం చదివే అలవాటుంటే ఈసారికి మానండి. సారాంశంలో కథ మిగులుతుంది, చెప్పిన తీరు పోతుంది. గంభీరమైన నవలకు దానివల్ల కొంత నష్టం. హాస్య నవలకు మాత్రం మిగిలేదేమీ ఉండదు, ఎందుకంటే నవ్వు ఎప్పుడూ చెప్పిన తీరులోనే ఉంటుంది. అట్ట మీది పొగడ్తలు కూడా చివర్లోనే చదవండి. ‘పగలబడి నవ్విస్తుంది’ అని ముందే చదివితే, నవ్వు రాని ప్రతిచోటా లోపం మీదే అనిపిస్తుంది.

2. అయోమయం ఏ రకందో తేల్చుకోండి

‘అర్థం కాలేదు’ అనే మాట కింద చాలా వేర్వేరు సంగతులు దాక్కుంటాయి. వాటిని విడదీయకపోతే ముందుకు కదల్లేరు.

అన్నిటికన్నా తేలికైనది సందర్భం తెలియకపోవడం. ఫలానా రాజకీయ సంఘటన మీదో, ఫలానా రకం ఉద్యోగం మీదో, ఏదో పాత రచనను అనుకరిస్తూనో వేసిన చమత్కారం ఆ సంగతి తెలియనివాళ్లకు తగలదు. కాసేపు వెతికితే దొరుకుతుంది. దొరికాక నవ్వు రాకపోవచ్చు, కనీసం ఎందుకు నవ్వాలో తెలుస్తుంది. అనువాదంలో చదువుతున్నట్టయితే, చమత్కారం మూలంలోనే ఉండిపోయిందేమో కూడా చూసుకోవాలి. ఈ రకం అయోమయం మీద వ్యాసం రాయొద్దు. వెతికి తీర్చేసుకోండి, అంతే.

రెండోది స్వరానికి సంబంధించింది: ఈ మాట నిజంగానే అంటున్నారా, వెక్కిరిస్తున్నారా? మూడోది గురికి సంబంధించింది: ఎవర్ని చూసి నవ్వమంటున్నారు? పాత్రనా, ఆ పాత్రను అలా చేసిన లోకాన్నా, చదువుతున్న నన్నా? నాలుగోది రూపానిది: కథ ఎటూ పోలేదు, ముగిసినట్టే లేదు. పాత హాస్య నాటకాలు చాలావరకు పెళ్లితోనో, రాజీతోనో, చిక్కుముడి వీడడంతోనో ముగుస్తాయి. ఆ ఆశ మనలో ఇప్పటికీ ఉంది. సమకాలీన హాస్య నవల ఎన్నోసార్లు కావాలనే ఆ ఆశను తీర్చకుండా ఆగిపోతుంది. ఐదోది భావానిది. నవ్వూ దుఃఖమూ ఒకే వాక్యంలో వచ్చి, ఏ ముఖం పెట్టాలో తెలియని స్థితి. సమకాలీన నవలల విషయంలో విద్యార్థులు ‘కన్ఫ్యూజింగ్’ అని రాసేది నా ఉద్దేశంలో ఎక్కువగా దీని గురించే. అందుకే కింద దీని మీదే ఎక్కువసేపు ఆగుతాను.

మీ గుర్తులన్నీ ముందేసుకుని ప్రతిదానికీ ఇది ఏ రకం అని పక్కన రాయండి. ఏ రకం ఎక్కువసార్లు వచ్చిందో కనిపిస్తుంది. దాన్ని ఒక ప్రశ్నగా మార్చండి. ‘ఈ నవల విచిత్రంగా ఉంది’ అన్నది ప్రశ్న కాదు. ‘మిగతా అందర్నీ వెక్కిరించే ఈ కథకుడు చెల్లెలి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఎందుకు మాట మార్చేస్తున్నాడు?’ అన్నది ప్రశ్న. మొదటిదానికి జవాబు ఉండదు. రెండోదానికి పుస్తకంలోనే వెతకొచ్చు.

3. ఒక్క పేరా తీసుకుని నెమ్మదిగా చదవండి

మూడో రకం గుర్తు పడిన చోట్లలో ఒకటి ఎంచుకోండి. ఐదారు వాక్యాలు చాలు. దాన్ని చేత్తో కాగితం మీద ఎత్తి రాయండి. టైప్ చేస్తే కన్ను జారిపోతుంది, చేత్తో రాస్తే ప్రతి మాట దగ్గరా ఆగాల్సి వస్తుంది. ఈ మార్గదర్శి కోసం కల్పించిన ఒక చిన్న పేరా చూడండి:

‘నాన్న పోయిన రోజు లిఫ్టు పనిచేయలేదు. ఆరు అంతస్తులు దిగుతూ మెట్లు లెక్కపెట్టాను. నూట ముప్ఫై రెండు. అనుమానమొచ్చి మళ్లీ ఎక్కుతూ లెక్కపెట్టాను. నూట ముప్ఫై ఒకటి. దీని మీద ఆసుపత్రికి ఫిర్యాదు రాశాను. వాళ్లు చూస్తున్నామన్నారు. నాన్న గురించి అడిగినప్పుడు కూడా అలాగే అన్నారు.’

మొదటిసారి చదివిన విద్యార్థి ఇలా రాసుకోవచ్చు: ‘తండ్రి పోయినవాడు మెట్లు లెక్కపెట్టడమేమిటి? వీడికి బాధ లేదా? ఇది జోకా?’ ఈ మూడు ప్రశ్నలూ సరైనవే. కొట్టేయకండి. ఇప్పుడు పేరాని ఈ ప్రశ్నలతో తట్టి చూద్దాం.

వాక్యాల పొడవు చూడండి. అన్నీ పొట్టివి, దాదాపు ఒకే తూకంలో ఉన్నాయి. తండ్రి మరణానికీ, లిఫ్టు చెడిపోవడానికీ ఒకే వాక్యం దక్కింది. పెద్ద విషయమూ చిన్న విషయమూ ఒకే ఎత్తులో పలకడం వల్లే నవ్వు పుడుతోంది. ముఖంలో ఏ కదలికా లేకుండా చెప్పే హాస్యం ఇలాగే పనిచేస్తుంది.

భావాన్ని చెప్పే మాటల కోసం వెతకండి. దుఃఖం, ఏడుపు, బాధ... ఒక్కటీ లేదు. ‘అనుమానం’ ఒక్కటే ఉంది, అదీ మెట్ల మీద. తండ్రి విషయంలో కలగాల్సిన భావమంతా మెట్ల లెక్క మీదికి మళ్లింది. ఫిర్యాదూ అంతే. ఆ మనిషికి ఫిర్యాదు చేయడానికి నిజమైన కారణమే ఉంది, అది మాత్రం మెట్ల గురించి కాదు.

ఇక నవ్వు ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో వేలు పెట్టి చూపించండి. నా మటుకు అది ఆఖరి వాక్యం. అంతవరకూ వింత మనిషిలా కనిపించినవాడు అక్కడ కొడుకుగా కనిపిస్తాడు. దాంతో వెనక్కి వెళ్లి ముందు వాక్యాలన్నీ మళ్లీ చదవాల్సి వస్తుంది. దిగినవాడు మళ్లీ ఎందుకు ఎక్కాడు? లెక్క కోసమా, లేక పైన వదిలి వచ్చిన మనిషి కోసమా? పేరా చెప్పదు. ‘వీడికి బాధ లేదా?’ అన్న మీ మొదటి ప్రశ్న ఇప్పుడు ‘బాధను ఇంత దూరంగా ఎందుకు పెట్టాడు?’ అని మారింది. వ్యాసానికి కావాల్సింది ఈ మార్పే. మొదట ఏమనుకున్నారో, ఏ మాట మిమ్మల్ని వెనక్కి తిప్పిందో, తర్వాత ఏమనుకున్నారో రాస్తే మీ స్పందనకు నడక వచ్చేస్తుంది.

పేరాని బయటికి చదవడం కూడా మరవద్దు. హాస్యం లయ మీద నడుస్తుంది. విరామం ఎక్కడ పడింది, ఏ మాట ఆఖర్న వచ్చింది అన్నది కంటికన్నా చెవికి ముందు తెలుస్తుంది. నవ్వు తెప్పించే మాటను వాక్యం మధ్యలోకి జరిపి చదివి చూడండి. నవ్వు పోతే, అది అక్కడే ఉండడం యాదృచ్ఛికం కాదని మీకు రుజువు దొరికినట్టే.

4. మాట్లాడేది ఎవరో తేల్చండి

‘రచయిత తండ్రి మరణాన్ని తేలిక చేశారు’ అని రాస్తే పెద్ద పొరపాటు. తేలిక చేసింది కథకుడు. అలా చేసే కథకుణ్ని మనముందు నిలబెట్టింది రచయిత. ఈ రెండు స్థానాల మధ్య దూరమే చాలా హాస్య నవలలకు ఇంధనం. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ‘ద రెటరిక్ ఆఫ్ ఫిక్షన్’లో, రచన విలువలకు దూరంగా జరిగిన కథకుణ్ని నమ్మదగని కథకుడన్నారు. ఆ పేరు అప్పటినుంచి నిలిచిపోయింది. అలాంటి కథకుడు తాను తెలివైనవాణ్నని చెబుతూ ఉంటాడు, అతను చెప్పే వివరాలే అది కాదని చూపిస్తూ ఉంటాయి.

‘నేను’ అని చెప్పే కథల్లో ఇది పట్టుకోవడం కొంత సులువు. ‘ఆమె’, ‘అతను’ అని చెప్పే కథనంలో కష్టం. ఎందుకంటే బయటి గొంతు చెబుతున్నట్టే ఉంటూ, మధ్యలో ఒక వాక్యం పాత్ర మనసులోంచి జారిపోతుంది. ‘అతను సమావేశానికి ఆలస్యంగా వచ్చాడు. గొప్పవాళ్లెప్పుడూ ఆలస్యంగానే వస్తారు.’ రెండో వాక్యం ఎవరిది? కథనానిది కాదు, అది అతని ఆత్మస్తుతి. దాన్ని రచయిత అభిప్రాయమనుకుంటే నవలంతా తలకిందులుగా అర్థమవుతుంది. స్వరం తెలియక కలిగిన అయోమయం చాలాసార్లు ఇక్కడే విడిపోతుంది. కాబట్టి తికమక పెట్టిన ప్రతి వాక్యం పక్కనా ‘ఇది ఎవరి మాట?’ అని రాసి చూడండి.

రచయిత ఇంటర్వ్యూలు దొరికితే చదవొచ్చు, కానీ వాటిని తీర్పుగా తీసుకోవద్దు. రచయిత ఉద్దేశం రచనకు కొలబద్ద కాజాలదని విమ్సాట్, బియర్డ్స్‌లీ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1946లోనే ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించారు. ‘నేను సరదాగా రాశానంతే’ అని రచయిత చెప్పినా, ఆ పేరాలో మీకు కనిపించిన దుఃఖం పేజీ మీద ఉంటే ఉన్నట్టే.

5. సిద్ధాంతం కొంచెమే వాడండి

నవ్వు గురించి శతాబ్దాలుగా ఆలోచించారు. అదంతా మీ వ్యాసంలో కుక్కనక్కర్లేదు. మీ ప్రశ్నకు పనికొచ్చేది ఒక్కటి తీసుకుంటే చాలు.

ఎదుటివాడికన్నా మనం మేలని హఠాత్తుగా తోచినప్పుడు నవ్వొస్తుందని 17వ శతాబ్దంలో ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ అన్నారు. గురి విషయంలో అయోమయపడినవాళ్లకు ఇది ఉపయోగం: నేను ఎవరికన్నా మేలనుకుని నవ్వాను, ఆ ధీమాను నవల తర్వాత ఉంచిందా, లాగేసిందా? పెంచుకున్న ఆశ ఉన్నట్టుండి ఏమీ కాకుండా పోయినప్పుడు నవ్వు వస్తుందని 1790లో జర్మన్ తత్వవేత్త కాంట్ అన్నారు. ముగింపు లేని కథల గురించి రాసేవాళ్లు దీన్ని చూడొచ్చు.

నవ్వూ దుఃఖమూ కలిసిన చోట మన అలంకార శాస్త్రం నేరుగా అక్కరకొస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో హాస్య రసానికి స్థాయి, అంటే మూలంగా నిలిచే భావం, హాసమని చెప్పి, దాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విభజించాడు. మీ గుర్తుల పక్కన ఈ పేర్లు రాసి చూడండి. ‘నవ్వు రాలేదు’ అనుకున్న చాలా చోట్ల నిజానికి స్మితం, అంటే పళ్లు కనిపించని చిరునవ్వు, వచ్చే ఉంటుంది. పగలబడి నవ్వడం ఒక్కటే నవ్వనుకోవడం వల్ల దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాతి ఆలంకారికులు ఇంకో మాట అన్నారు: హాస్యానికి కరుణం, అంటే శోకం నుంచి పుట్టే రసం, విరోధి; రెండూ ఒకచోట ఇమడవు. విశ్వనాథుడి సాహిత్యదర్పణంలో ఈ విరోధాల పట్టిక ఉంది. ఆ సంప్రదాయంతో సంబంధమేమీ లేకుండా, 1900లో అచ్చయిన ‘నవ్వు’ అనే పుస్తకంలో ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్సన్ అదే చోటికి చేరారు. నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలి, జాలి కలిగితే నవ్వు పోతుంది అన్నది ఆయన వాదన. సజీవమైన మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వొస్తుందని కూడా అన్నారు. మెట్లు లెక్కపెట్టే కొడుకు సరిగ్గా ఇదే. అయితే పై పేరా జాలినీ నవ్వునూ వేరు చేయనివ్వలేదు. విరోధులని చెప్పిన రెంటినీ ఎనిమిది వాక్యాల్లో పక్కపక్కన కూర్చోబెట్టింది. సమకాలీన హాస్య నవలల్లో మంచివి ఎన్నో చేసే సాహసం ఇదే. చదువుతూ ఏ ముఖం పెట్టాలో తెలియకపోవడం మీ అజ్ఞానం కాదు, ఆ సాహసం మీ మీద పనిచేసిన గుర్తు.

ఇలాంటి చోట మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1927లో హాస్యం మీద రాసిన చిన్న వ్యాసం కూడా బాగా పనికొస్తుంది. వాస్తవం కొట్టే దెబ్బకు లొంగనని మనసు మొరాయించడమే హాస్యం అన్నారాయన. ఉదాహరణ ఒక సోమవారం ఉరికంబానికి వెళుతున్న ఖైదీ: వారం బాగానే మొదలైంది, అంటాడు.

సిద్ధాంతానికి నవల సరిపోయిందని నిరూపించడం దగ్గర ఆగిపోకండి. సరిపోని చోటు దొరికితేనే మీరు చెప్పడానికి ఏదైనా ఉంటుంది.

6. నవ్వు రాకుండా కోపం వస్తే

కొన్నిసార్లు అర్థం కాకపోవడం కాదు, అర్థమయ్యే ఒళ్లు మండుతుంది. ఒక కులాన్నో, ఆడవాళ్లనో, వికలాంగులనో పట్టుకుని నవ్వుతున్నట్టు ఉంటుంది. దాన్ని మింగేసి పొగడ్త రాయొద్దు. ఆవేశంగా తీర్పు కూడా ఇవ్వొద్దు. ముందు మూడు సంగతులు పుస్తకంలో వెతకండి. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చింది? ఆ నోటి మాటను నవల ఎక్కడైనా ప్రశ్నించిందా? నవ్వుకు గురైన పాత్రకు తనదైన ఒక్క మంచి మాట, ఒక్క ఆలోచన అయినా దక్కిందా? మూడోది చాలా ముఖ్యం. నవల ఒక పాత్రను నవ్వడానికి మాత్రమే వాడుకుని వదిలేస్తే, కథకుడు నమ్మదగనివాడన్న సమర్థన చాలదని నేననుకుంటాను. వెతికాక కూడా కోపం నిలిస్తే, ఆ పేజీలు చూపిస్తూ ధైర్యంగా రాయండి.

7. రాయడం

మొదటి వాక్యంలోనే పేరాకు వెళ్లిపోండి. ‘హాస్యం మానవ జీవితంలో ముఖ్యమైనది’ అని మొదలుపెట్టకండి. ఇలా మొదలుపెట్టొచ్చు: ‘తండ్రి పోయిన రోజు మెట్లు లెక్కపెట్టిన కొడుకును చూసి నేను నవ్వాను, నాలుగు వాక్యాల తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఆ నాలుగు వాక్యాల్లో ఏం జరిగిందన్నదే ఈ వ్యాసం.’ ఇందులో ‘నేను’ ఉన్నా ఇబ్బంది లేదు, ఆ నేను వెంటనే పేజీ వైపు వేలు చూపిస్తోంది కాబట్టి. ‘నాకు అలా అనిపించింది’ దగ్గరే ఆగిపోతే మాత్రం చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

వెయ్యి మాటల స్పందనకు కథ చెప్పడానికి వంద మాటలు మించనివ్వకండి. ఎంచుకున్న పేరా మీద నాలుగు వందల దాకా ఖర్చు పెట్టండి. తర్వాత నవలలో దూరంగా ఉన్న ఇంకో చోటు తెచ్చి, అక్కడ కూడా ఇదే జరుగుతోందా అని చూడండి. మీ మాటకు ఎదురు నిలిచే చోటు ఒకటి కావాలనే వెతికి పెట్టండి. దుఃఖాన్ని ఈ కథకుడు ఎప్పుడూ పక్కకు నెడతాడని మీరంటే, నెట్టకుండా నేరుగా చెప్పేసిన వాక్యం నవలలో ఒక్కటైనా ఉందా? ఉంటే అది ఎందుకు ప్రత్యేకం? వ్యాసం బలపడేది ఈ చోటే, చాలామంది వదిలేసేదీ ఈ చోటే.

హాస్యాన్ని ఉదహరించేటప్పుడు నవ్వొచ్చిన వాక్యం ఒక్కటే ఎత్తి రాయొద్దు. దానికి ముందు అల్లిన వాక్యాలు లేకపోతే అది చప్పగా ఉంటుంది, మీ వివరణ అతిగా కనిపిస్తుంది. పూర్తి అల్లిక ఇవ్వండి, తర్వాత మాట్లాడండి. చమత్కారాన్ని వివరిస్తే చచ్చిపోతుందన్న భయం వద్దు. మీరు చమత్కారం అర్థమేమిటో చెప్పడం లేదు, అది ఎలా కట్టారో చూపిస్తున్నారు.

తేలని ప్రశ్న మిగిలితే మిగలనివ్వండి. కాకపోతే దాన్ని సరిగ్గా చెప్పాలి. ‘ముగింపు అర్థం కాలేదు’ అనకుండా, ‘ముగింపును ఇలా చదివితే కథకుడు మారాడనిపిస్తుంది, అలా చదివితే ఇదీ అతని ఇంకో తప్పించుకోవడమే అనిపిస్తుంది, మొదటిదానికి ఫలానా వాక్యం ఆధారం, రెండోదానికి ఫలానా వాక్యం’ అని రాయండి. అప్పుడది తెలియకపోవడం కాదు, చదవడం.

8. దిద్దుకోవడం

రాసింది ఒక రోజు పక్కన పెట్టి తీయండి. ‘హాస్యభరితంగా’, ‘అద్భుతంగా’, ‘సమాజాన్ని ప్రతిబింబిస్తూ’ లాంటి మాటలు కనబడితే కొట్టేసి, వాటి స్థానంలో నవలలోని ఒక వివరం పెట్టండి. వివరం దొరకకపోతే ఆ వాక్యమే తీసేయండి. వ్యాసంలోంచి నవల పేరు తీసి ఇంకో నవల పేరు పెట్టినా సరిపోయే వాక్యాలన్నీ పోవాలి.

తర్వాత ఆ నవల చదవని ఒకరికి మీ వ్యాసం వినిపించండి. ‘బాగుందా?’ అని అడగొద్దు. రెండే ప్రశ్నలు అడగండి: నేను ఎక్కడ తికమక పడ్డానో తెలిసిందా? ఇప్పుడు ఆ చోటు మీరే చదివి చూడాలనిపిస్తోందా? మొదటిదానికి జవాబు తడుముకుంటే మీ రెండో పేరా తిరగరాయాలి. రెండోదానికి తడుముకుంటే మీ ఉదాహరణ పొట్టిగా ఉందని అర్థం, ఇంకో రెండు వాక్యాలు ముందు నుంచి కలపండి. శీర్షిక ఇదంతా అయ్యాకే పెట్టండి, అందులో నవల పేరుతో పాటు మీ ప్రశ్న కూడా కనిపించాలి.